అమ్మ కడుపులో బంక

నా డిగ్రీ రిజల్టూ, అమ్మ స్కానింగ్ రిపోర్టూ ఒకే రోజు చేతికొచ్చాయి.

పొద్దున ఖమ్మంలో మా కాలేజీ నోటీసు బోర్డు మీద నా నంబరు చూసుకున్నాను. బీయస్సీ, ఫస్ట్ క్లాసు. నమ్మకం కుదరక వేలు పెట్టి మళ్లీ చూశాను. పక్కనున్న అమ్మాయి చేత కూడా చదివించాను. మా ఊళ్లోనే కాదు, వాగు అవతలున్న ఐదు గూడేల్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ మాట ఎవరికైనా చెప్పాలని నాలుక దురదపెడుతోంది. కానీ ఖమ్మంలో నాకు చెప్పుకునేవాళ్లు ఎవరున్నారు? టీ కొట్టు ఆయనకు చెప్పాను. ఆయన గ్లాసు కడుగుతూ "మంచిది" అన్నాడు. అక్కణ్నుంచి స్కానింగ్ సెంటరుకు వెళ్లి, రెండు రోజుల కిందట అమ్మకు తీసిన స్కాన్ కవరు తీసుకుని, కొత్తగూడెం బస్సెక్కాను.

అమ్మ కడుపు ఆ చలికాలం నుంచి పెరుగుతూ వచ్చింది. చేతులూ కాళ్లూ సన్నబడుతున్నాయి, కడుపు మాత్రం ముందుకొస్తోంది. బోరింగు దగ్గర మేనత్త ఎకసెక్కాలాడేది.

"ఏందొదినే, బిడ్డకు పెండ్లి చేసే యాళ్లకు మల్ల నీళ్లోసుకున్నవా?"

"మీ అన్ననడుగు. ఆయనకే ఎరుక" అనేది అమ్మ, బిందె పక్కకు జరుపుకుంటూ. ఆ నవ్వులాట పండగలు దాటి ఎండాకాలం దాకా సాగింది. ఎండాకాలంలో అమ్మ తునికాకు కోతకు పోలేకపోయింది. వంగితే ఊపిరి అందట్లేదంది. అప్పుడు నాయిన భద్రాచలం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు కడుపులో నీరు చేరిందనుకుని సూది పెట్టాడు. నీరు రాలేదు. లావు సూది పెడితే చిక్కగా, జిగటగా ఏదో కొంచెం వచ్చిందట. ఆయన సూది తీసేసి, "ఇది నీళ్లు కాదు. ఖమ్మంలో స్కాన్ తీయించి నాకు చూపించండి" అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కవరు విప్పాను. రెండు పేజీల ఇంగ్లీషు. మా ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదవగలిగేది నేనొక్కదాన్నే, ఆ రోజు ఆ గర్వం కూడా కాస్త ఎక్కువగానే ఉంది. లివర్ బాగుందని ఉంది. కిడ్నీలు బాగున్నాయని ఉంది. కింద 'అపెండిక్స్' అని ఉంది, దాని పక్కన రెండు పొడుగాటి మాటలున్నాయి. ఆ రెండూ నాకు రాలేదు. అపెండిక్స్ మాత్రం వచ్చు. మా జువాలజీ పుస్తకంలో ఉంది: క్రిమిరూప ఉండూకం, మనిషికి ఏ ఉపయోగమూ లేని అవశేష అవయవం. రెండు మార్కుల ప్రశ్న. నేను రెండుకు రెండూ తెచ్చుకున్నాను.

ఉపయోగం లేనిదాన్ని తీసేస్తే పోతుంది కదా. మా వైపు అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకోని ఇల్లు లేదు. కడుపునొప్పి అని పోయినవాళ్లందరికీ ఎవరో ఒకరు అపెండిక్స్ తీసి పంపేవాళ్లు. నా గుండె మీది నుంచి బండరాయి దిగిపోయింది. ఆ రెండు పొడుగాటి మాటలను అలాగే వదిలేసి కవరు మడిచి సంచిలో పెట్టుకున్నాను. వదిలేశానన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు.

ఊరు చేరేసరికి నాయిన చూరు కింద కూర్చుని నాగలికి కర్ర చెక్కుతున్నాడు.

"నాయినా, పాసైన. ఫస్ట్ క్లాసు."

"మీ అమ్మది?"

"అపెండిక్సే నాయినా. ఇంకేం లేదు. మిగతావన్నీ మంచిగున్నయ్."

ఆయన గొడ్డలి కింద పెట్టాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

గంటలో ఊరంతా తెలిసింది. తెలిసిందంటే, నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. పాసైన సంగతి ఒక నోట, అపెండిక్స్ సంగతి అదే నోట. మా ఊరి పటేల్ తాత డెబ్భై దాటినవాడు, మా గూడెంలో ఏ పెద్దమాటైనా ఆయన పందిరి కిందే తేలాలి. ఆయన అంగీ ఎత్తి పొట్ట మీద వేలెడంత గాటు చూపించాడు.

"గింతే. నాకు కొత్తగూడెంల కోసిండ్రు. మూడో నాడు ఇంటికొచ్చిన, నాలుగో నాడు కల్లు తాగిన. మీ అమ్మకేం కాదు పో."

కోడిని కోశారు. ఇప్పసారా వచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, రెండు ముద్దలు తిని చాలంది. "బిడ్డ పాసైంది, తినవే" అని మేనత్త బలవంతం చేస్తే, "కడుపుల జాగ లేదు" అంది. అందరం నవ్వాం.

చిన్న ఆపరేషనే కాబట్టి తొందర లేదనుకున్నారు. జూన్ మొదటి వానలు పడ్డాయి. పత్తి గింజలు పెట్టాలి. "ఇత్తనాలు పెట్టినంక పోదాం" అన్నాడు నాయిన. భద్రాచలం డాక్టరుకు రిపోర్టు చూపించాలన్న మాట నాకు గుర్తుంది. ఏముంది, అపెండిక్సే కదా అనుకున్నాను. బీఈడీ ఎంట్రెన్సుకు చదువుకుంటూ కూర్చున్నాను.

జూలై చివరికి అమ్మ వెల్లకిలా పడుకోలేకపోయింది. గుంజకు ఆనుకుని కూర్చునే కునికేది. బొడ్డు బయటికి పొడుచుకొచ్చింది. గంజి కూడా నాలుగు గుక్కలు దాటితే బయటికొచ్చేది. వేలితో తడితే కడుపు డప్పులా మోగలేదు, మెత్తటి బరువుతో, లోపల ఏదో కూరి పెట్టినట్టు ఉంది. అప్పుడు భద్రాచలం పోయాం. డాక్టరు రిపోర్టు చదివి తలెత్తాడు.

"ఇది తెచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు సార్."

"ఎవరూ చదవలేదా?"

"నేను చదివిన సార్."

"ఏమని చదివావు?"

చెప్పాను. ఆయన తిట్టలేదు. కాగితం నా వైపు తిప్పి, నేను వదిలేసిన రెండు మాటల కింద పెన్నుతో గీత గీశాడు. "ఇది మామూలు అపెండిక్స్ కాదమ్మా. ఇది క్యాన్సర్ జాతిది. రేపే హైదరాబాద్ పోండి" అని ఒక చీటీ రాసిచ్చాడు. నాయిన బయట బల్ల మీద అమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ గది తలుపు నుంచి ఆ బల్ల దాకా పది అడుగులుంటాయేమో. ఆ పది అడుగులూ ఎలా వేశానో నాకు ఇప్పటికీ తెలియదు.

హైదరాబాద్ దవాఖానాలో సర్జన్ నెమ్మదైన మనిషి. తెల్ల కాగితం మీద పేగులు గీసి, ఒక మూలకు చిటికెన వేలంత తోక గీశాడు. దాని కొసకు చిన్న గడ్డ పుట్టిందన్నాడు. అది లోపలే పగిలింది. పగిలి, గింజలు చల్లినట్టు కడుపంతా చల్లుకుంది. ఆ ఒక్కో గింజా బంక లాంటి పదార్థం ఊరుస్తోంది. అమ్మ కడుపు నిండా ఇప్పుడున్నది అదే.

"ఇది చాలా అరుదు. నా సర్వీసులో పట్టుమని పది కేసులు చూడలేదు. మామూలు క్యాన్సర్‌లా రక్తంలో పరుగెత్తదు, కడుపులోనే నిండుతుంది. అదొక్కటే మనకు కలిసొచ్చేది. రొమ్ము ఎముక నుంచి కిందిదాకా తెరవాలి. పేగుల మీది కొవ్వు పొర, కుడివైపు పెద్దపేగు, గర్భసంచి, ఇంకా ఏవేవి పాడైతే అవి తీయాలి. మిగిలిన ప్రతి మడతా గీకాలి. తర్వాత వేడి చేసిన కీమో మందు కడుపులో పోసి గంటన్నర తిప్పి, తీసేసి, అప్పుడు కుడతాం. పది గంటలు పట్టొచ్చు."

"చేయకపోతే?"

"పేగులు మూసుకుపోతాయి. అన్నం పోదు."

వచ్చే గురువారం థియేటర్ ఖాళీ ఉందన్నాడు. బుధవారం లోపల మా వాళ్లు ఆరుగురు రక్తం ఇవ్వాలి, నాయిన కాగితం మీద వేలిముద్ర వేయాలి. ఆ గురువారం తప్పితే మళ్లీ నెలన్నర. "నెలన్నర ఆమె ఆగలేదు" అని నా కళ్లలోకి చూసి చెప్పాడు. ఆ రోజు శనివారం.

వరండాలో నాయినకు అంతా చెప్పాను. ఆయన విన్నాడు. వేలిముద్ర మాట వచ్చేసరికి చేతులు చంకల కింద దాచుకున్నాడు.

"నువ్వే గద అపెండిక్స్ అన్నవ్."

"అన్న నాయినా."

"పటేల్‌కు అరగంటల తీసిండ్రు. వీళ్లు పది గంటలు ఏం కోస్తరు? మందు కాచి కడుపుల పోసుడేంది? గర్భసంచి ఎందుకు తీస్తరు? అశ్వారావుపేట దిక్కు ఆడోళ్లందరికీ గట్లనే తీసిండ్రంట, ఉత్తగ."

"ఇది వేరే నాయినా."

"అప్పుడు గట్లన్నవ్. ఇప్పుడు గిట్లంటన్నవ్. ఏ మాట పట్టుకోవాలె నేను?"

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పుట్టింటివాళ్ల మాట లేకుండా ఆడమనిషి ఒంటి మీద కత్తి పడనియ్యడం మా కోయవాళ్లలో లేదు. "మీ మామ ఊ అనాలె. ఊరోళ్లు ఊ అనాలె. అప్పుడేస్త" అన్నాడు. మామ అంటే అమ్మకు అన్న, మా గూడెంలోనే ఉంటాడు. అమ్మ మంచం మీద ఒక పక్కకు ఒరిగి కళ్లు మూసుకుని ఉంది. మా మాటలన్నీ వింటూనే ఉందని నాకు తెలుసు.

ఆదివారం బయల్దేరి సోమవారం పొద్దున మా రోడ్డు మీద దిగాను. వాగు నిండుగా పారుతోంది. ఇవతల నుంచి కేకేస్తే మామే వచ్చి తాడు పట్టి దాటించాడు. నడుం లోతు నీళ్లలో మధ్యలో ఉండగా "చెల్లె ఎట్లుంది?" అని అడిగాడు. నేను తాడు గట్టిగా పట్టుకుని అడుగు ముందుకేశాను.

వానకు ఆ పూట పొలం పనుల్లేవు. పటేల్ తాత పందిరి కింద మగవాళ్లంతా చేరారు, ఆడవాళ్లు చూరు కింద నిల్చున్నారు. నేను అప్పటిదాకా ఆ పందిరి కింద మాట్లాడలేదు. గురువారం సంగతీ, పది గంటల కోత సంగతీ, ఆరుగురి రక్తం సంగతీ చెప్పాను.

పటేల్ తాత మళ్లీ అంగీ ఎత్తాడు. "గింత గాటుకు ఆరు సీసాల రక్తమా? నాకు ఒక్క బొట్టు ఎక్కియ్యలే."

"రక్తం అమ్ముకుంటరంట అక్కడ" అన్నారెవరో.

"నాట్ల యాళ్ల. రక్తమిచ్చినోడు నాగలి పడతడా?"

"సదువుకున్న పిల్లవు, నువ్వే జెప్పినవ్ గద చిన్నదని. ఆళ్లు మోసం చేస్తన్నరని నీకు తెలుస్తలేదా?" మేనత్త అంది.

అందరూ నా మాటే నా మీదికి విసురుతున్నారు. వాళ్లు నన్ను నమ్మారు, అదే వచ్చిన కష్టం. డాక్టరు గీసిన బొమ్మ సంచిలో ఉంది. తీసి చూపించి ఇంగ్లీషు పేర్లు చెబుదామా అనిపించింది. చెబితే మళ్లీ తెలిసినట్టు మాట్లాడటమే.

"నేను తప్పు చెప్పిన" అన్నాను.

"గట్టిగ చెప్పు, వాన సప్పుడు" అన్నాడు పటేల్ తాత.

"నేను తప్పు చెప్పిన తాతా. ఆ కాగితంల మూడు మాటలున్నయ్. నాకు ఒక్కటే వచ్చింది. రెండు రాలే. రాలేదని మీకు చెప్పలే. వచ్చిందే చెప్పిన. నేను ఆ రోజే తెల్వదంటే అమ్మను ఆ రోజే తీస్కపోయేటోళ్లు. రెండు నెలలు నేనే పోగొట్టిన."

ఎవరో బీడీ వెలిగించుకున్నారు. "గంత సదువు సదివి" అని మేనత్త సగంలో ఆపేసింది. మామ మాత్రం గుంజకు ఆనుకుని నేల చూస్తూ అడిగాడు.

"సూది పెడితే ఏం వచ్చిందన్నవ్?"

"బంక మామా."

"ఎసొంటి బంక?"

"తపసి బంక నానబెడితే ఎట్లుంటది? గట్ల."

మామ ముప్పై ఏళ్లుగా తపసి చెట్ల బంక తీసి గిరిజన సొసైటీ డిపోలో వేస్తున్నవాడు. చెట్టు బెరడు మీద గొడ్డలితో చిన్న గాటు పెడితే బంక కారుతుంది. ఆ ఎండిన బంక ముక్క గోరంత తీసి గిన్నెడు నీళ్లలో వేస్తే, తెల్లారేసరికి గిన్నె నిండిపోతుంది. ఆ సంగతి ఆయనకు నేను చెప్పేదేముంది?

"కోత యాడ పడ్డది?" అన్నాడు.

"అపెండిక్స్ కొసకు. అక్కడ పగిలింది. అక్కణ్నుంచి కారుకుంట, కడుపంత పడ్డ చోటల్లా మల్ల ఊరతంది."

మామ లేచి నిలబడ్డాడు. నాతో కాదు, పటేల్‌తో మాట్లాడాడు. కోయ మాటలోకి వెళ్లిపోయాడు. లోతుగా గాటు పడ్డ చెట్టు గురించి చెప్పాడు. దాని బంక ఆగదని, చెట్టులో ఉన్నదంతా కారి కారి చెట్టు నిలువునా ఎండుతుందని, అట్లాంటివి ఎన్ని చూశామని అడిగాడు. చివరికి తెలుగులో అన్నాడు.

"పైపైన తీస్తే లాభం లేదు. సందుసందుల గీకాలె. పది గంటలు పడతదంటే పడతది. నా చెల్లెను కోయనీ. నేను పోతన్న. వచ్చేటోడు రా, రానోడు నాట్లెయ్."

పటేల్ తాత అంగీ కిందికి దించుకున్నాడు. "గట్లయితే నాదీ నీ చెల్లెదీ ఒకటి గాదన్నట్టు" అన్నాడు, కాస్త నిరాశగానే.

మంగళవారం పొద్దున వాగు కొంచెం తగ్గాక ఎనిమిది మంది తాడు పట్టుకుని దాటారు. పటేల్ తాత అందరికంటే ముందు. "నాదేం రక్తం గాదా?" అని ఎవరూ అడగకుండానే మూట కట్టుకుని వచ్చాడు. బుధవారం పొద్దున దవాఖానా చేరాం. నాయిన మామను చూసి లేచి నిలబడ్డాడు. మామ ఆయన చెయ్యి పట్టుకుని "ఎయ్యి బావా" అన్నాడు. వేలిముద్ర పడింది. నాకు ఇక గండం గట్టెక్కినట్టే అనిపించింది. ఎనిమిది మంది ఉన్నారు, కావాల్సింది ఆరుగురు.

రక్తం తీసుకునే గది ముందు అందర్నీ వరసగా నిలబెట్టారు. టెక్నీషియన్ ఒక్కొక్కర్నీ పిలిచి అడుగుతున్నాడు. పటేల్ తాతను వయసు చూసి పక్కన కూర్చోబెట్టాడు. రెండోవాడిని అడిగాడు.

"మూడు నెలల్లో మలేరియా వచ్చిందా?"

"అవ్. ఈ ఏడు రెండుసార్లే."

జలుబు గురించి చెప్పినట్టు చెప్పాడు. వాన మొదలైతే మాకు మలేరియా రాని ఇల్లుండదు, రెండుసార్లంటే తక్కువే మరి. టెక్నీషియన్ అతని చీటీ మీద అడ్డంగా గీత కొట్టాడు. "మీరు ఇవ్వకూడదు. తర్వాతి మనిషి."

మూడోవాడికి నేను కళ్లతో సైగ చేశాను, లేదనమని.

"ఏందే, కన్ను కొడతన్నవ్?" అన్నాడతను గట్టిగా. "వచ్చింది సార్. పోయిన నెలే. గోళీలు మింగిన."

టెక్నీషియన్ నన్ను చూశాడు. కోప్పడలేదు. "అమ్మా, అబద్ధం చెప్పిస్తే ఆ మలేరియా మీ అమ్మకే పోతుంది. కడుపు తెరిచి ఉన్న మనిషి అది తట్టుకోగలదా?" అన్నాడు. రెండు రోజుల కిందటే పందిరి కింద నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. మళ్లీ అదే పని చేయబోయాను, ఈసారి తెలిసే.

ఇంకో ఇద్దరికీ మలేరియా అడ్డొచ్చింది. ఒకతను బరువు చాలలేదు. నాయినకు జూన్‌లో జ్వరం వచ్చింది, ఆయనా పనికిరాలేదు. చివరికి నిలబడింది మామా, మేనత్త భర్తా. మామను అడిగితే "నన్ను దోమ కుట్టదు సార్. కుట్టినా అది బతకదు" అన్నాడు. పరీక్ష చేసి సరేనన్నారు. మూడేళ్లు ఖమ్మం హాస్టల్లో ఉండి వచ్చాను, ఊళ్లో ఈ రెండు నెలలూ జ్వరం రాలేదు కాబట్టి నేనూ పనికొచ్చాను, బరువు నలభై ఆరు. ముగ్గురం. ఇంకా మూడు కావాలి. మధ్యాహ్నం అవుతోంది. ఐదింటికి ఆ గది మూసేస్తారు.

రక్తం ఇచ్చి బల్ల మీద పడుకున్నప్పుడు పైకప్పు ఫ్యాను తిరుగుతూ కనిపించింది. ఎనిమిది మందిని నాట్లు ఆపించి, వాగు దాటించి తెచ్చాను, అందులో ఆరుగురిని వెనక్కి పంపించారు. అమ్మ పక్క వార్డులో గోడ వైపు తిరిగి ఉంది. హైదరాబాద్‌లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరిని అడగాలి, ఏ మొహం పెట్టుకుని అడగాలి? లేచి కూర్చుంటే కళ్లు తిరిగాయి. నర్సు బిస్కెట్ పెట్టింది. తినలేకపోయాను.

పటేల్ తాత కనిపించట్లేదని మామ వెతకబోయాడు. వెనకే నేనూ వెళ్లాను. ఆయన దవాఖానా గేటు దగ్గర, గోచీ మీద తడి అంగీతో, లోపలికొచ్చే ప్రతి మనిషికీ అడ్డం నిలబడి అడుగుతున్నాడు.

"బిడ్డా, నీకు మలేరియా వచ్చిందా?"

జనం ఆయన్ను పిచ్చివాడనుకుని పక్కనుంచి పోతున్నారు. గేటు వాచ్‌మన్ రెండుసార్లు పక్కకు నెట్టాడు. ఆయన మళ్లీ వచ్చి నిలబడ్డాడు. ఇంతలో బత్తాయిల సంచి పట్టుకుని ఒక ముస్లిమాయన ఆగాడు. వాళ్లది ఖమ్మం, పండ్ల వ్యాపారం, బావమరిదిని చూడ్డానికి వచ్చాడు.

"ఏంది తాతా, మలేరియాతోని నీకేం పని?"

"మా ఊరోళ్ల రక్తమంత దోమలే తాగినయ్. మిగిలింది పనికి రాదంటన్నరు. లోపల ఆడపిల్లను కోయాలె."

"ఏ ఊరు మీది?"

తాత చెప్పాడు. ఆయన బత్తాయిల సంచి నా చేతికిచ్చాడు. "మా దిక్కే. నాకు షుగర్ లేదు, బీపీ లేదు, మలేరియా లేదు. పెండ్లాం పోరు తప్ప ఏ రోగం లేదు. జల్దీ పదండి, మళ్లీ బస్సు పోతది."

ఆయన లోపలికెళ్లాక వాచ్‌మన్ కాసేపు అటూ ఇటూ చూశాడు. టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. "నన్ను పొద్దటి సంది అడగకపోతివి తాతా" అన్నాడు.

"నువ్వు నెడతన్నవ్ గద."

ఐదు యూనిట్లయ్యాయి. ఐదింటికి సర్జన్ వచ్చి చూసి, ఆరోది తమ బ్యాంకులోంచి సర్దుతామన్నాడు.

గురువారం పొద్దున ఏడింటికి అమ్మను లోపలికి తీసుకుపోయారు. పోయేముందు అమ్మ నన్ను పిలిచి, "మీ తాతను కూసోమను. నిన్నటి సంది నిలబడే ఉన్నడంట" అంది. తలుపు మూసుకుంది.

పది గంటలన్నారు. పదకొండయింది. మధ్యలో ఒకసారి నర్సు బయటికొస్తే అందరం లేచాం, ఆమె మా కోసం రాలేదు. నాయిన గోడకు చేరి కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. నాకు మాత్రం ఒకటే లెక్క: జూన్ ఏడో తారీకో ఎనిమిదో తారీకో ఆ బస్సులో ఆ రెండు మాటలు ఎవరినైనా అడిగి ఉంటే ఇది ఆరు గంటల్లో అయిపోయేదా? సర్జన్‌ను అడగాలని ఉంది. అడిగే ధైర్యం లేదు.

సాయంత్రం ఆరు దాటాక ఆయన వచ్చాడు. కళ్లజోడు మచ్చలు ముక్కు మీద ఎర్రగా పడి ఉన్నాయి.

"బకెట్ నిండా తీశాం. కంటికి కనబడింది దాదాపు అంతా తీశాం. చిన్నపేగు మీద ఒకచోట కొంచెం వదలాల్సి వచ్చింది. గీకితే పేగు తెగుతుంది. వేడి మందు పోశాం. ఇక నరం ద్వారా కీమో ఇవ్వాలి. ఆరు విడతలు. పనిచేస్తుందా అంటే ఇప్పుడే చెప్పలేను."

అమ్మ నాలుగు రోజులు మిషన్ల మధ్య ఉంది. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. ఒక రోజు పేగు కుట్టు దగ్గర కారుతోందేమోనని భయపడ్డారు. ఆ రోజంతా వాళ్ల ముఖాలు చూస్తూ గడిపాను. ఐదో రోజు వార్డుకు మార్చారు. కడుపు మీద గుడ్డ, రెండు పక్కలా గొట్టాలు. దుప్పటి కింద అమ్మ శరీరం ఎంత చిన్నదో అప్పుడే చూశాను.

ఊరివాళ్లు వెళ్లిపోయారు. మామ ఉండిపోయాడు. మామ రక్తం ఎక్కించారని విని అమ్మ పెదాలు కదిపింది. "అందుకే ఇప్పసారా యాదికొస్తంది" అంది గుసగుసగా. మామ మొదటిసారి నవ్వాడు, నవ్వి బయటికి పోయి చాలాసేపు రాలేదు.

ఆరో రోజు పొద్దున నాయినా నేనూ మంచం పక్కన ఉన్నాం. అమ్మ నా వైపు తిరిగి అడిగింది.

"అంత తీసిండ్రా?"

నాయిన దుప్పటి సర్దుతున్నట్టు వంగి నా కాలు మీద తన కాలు పెట్టి నొక్కాడు. ఆయన కళ్లు వద్దంటున్నాయి. ఇప్పుడే కదా ఒక ముద్ద తిన్నది, ఈ ఒక్క మాటతో ఆ ముద్ద కూడా మానేస్తే? నిన్న రాత్రి ఆయన నన్ను వరండాలోకి పిలిచి, మిగిలిన సంగతి అమ్మకు చెప్పొద్దని ప్రత్యేకంగా చెప్పాడు కూడా.

"లేదమ్మా. కొంచెం ఉంది" అన్నాను.

నాయిన కాలు తీసేశాడు. కిటికీ వైపు తిరిగాడు.

అమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది. గొట్టంలో ఎర్రటి నీరు ఒక్కో చుక్కే దిగుతోంది.

"ఎంత?"

చిటికెన వేలి గోరు చూపించాను. "పేగు మీద. తీస్తే పేగు తెగుతదన్నరు. ఆరుసార్లు మందెక్కిస్తరు. పోతదో పోదో డాక్టరుకు కూడా తెల్వదు."

"నీకు తెల్వదు, డాక్టరుకు తెల్వదు" అంది అమ్మ. మాటలో కోపం లేదు. "మందు ఎప్పటి సంది?"

"కుట్లు మానినంక. మూడు వారాలకు."

అమ్మ ఒక చెయ్యి గుడ్డ మీద అదిమి పెట్టుకుని, రెండో చెయ్యి నాయిన వైపు చాపింది.

"గట్ల నిలబడ్డవేంది? లేపు. నడవాలన్నరు గద."

నాయిన వచ్చి చంకల కింద పట్టుకున్నాడు. నేను గొట్టాల సీసాలు రెండు చేతుల్లో ఎత్తి పట్టుకున్నాను. అమ్మ కాళ్లు కిందికి దించి, నేల చల్లగా ఉందని అంది. మంచం పట్టుకుని నిలబడింది. పక్క మంచం దాకా నాలుగు అడుగులు వేసి, పళ్లు బిగించి, వెనక్కి తిరగడానికి నాయిన భుజం పట్టుకుంది.